ఏట్లో మునిగిన హాప్కిన్ జోన్స్ కేసు

"ఈ ఊళ్ళో బుర్ర ఉన్న తల ఒక్కటే ఉంది గెతిన్. దాన్నే నువ్విప్పుడు చూస్తున్నావు," అన్నాడు ఇద్వాల్ ప్రోసర్, నా ఇనప సామాన్ల కొట్లో మేకుల పీపా మీద కూర్చుంటూ.

చూశాను. ఆ తల మీద టోపీ తిరగేసి ఉంది.

ఇద్వాల్ లాన్‌వెరిన్ సంతలో ఏళ్ళ తరబడి గొర్రెల వేలంపాట పాడాడు. గొంతు పోయాక పాట మానేసి పరిశోధన మొదలుపెట్టాడు. వేల్స్ కొండల మధ్య మాదొక చిన్న సంత ఊరు. ఇక్కడ నేరం దొరకడమే కష్టం. అంతవరకూ ఇద్వాల్ చేపట్టిన అతి పెద్ద కేసు పోయిన తన కళ్ళజోడు. దాన్ని కూడా వాళ్ళావిడే ఛేదించింది.

ఆ పూటే నా కొట్లో అడుగుపెట్టి సరిగ్గా అలాంటి మనిషి చేతిలో పడింది ఎలునెడ్. లివర్‌పూల్లో టోపీలు కుట్టి బతికిన మనిషి. భర్త లేడు, పిల్లల్లేరు, పోయిన చలికాలం తల్లి కూడా కన్ను మూసింది. ఆ తల్లి పుట్టింది మా ఊళ్ళోనే, ఇంటిపేరు జోన్స్. మా ఊళ్ళో జోన్స్ ఎవరని అడగడం, మందలో గొర్రె ఏదని అడగడం ఒకటే. రొట్టెల జోన్స్, బొగ్గుల జోన్స్, గడియారాల జోన్స్ అని చేసే పనిని బట్టి గుర్తుపెట్టుకుంటాం, అసలు పేర్లు ఎవరికీ గుర్తుండవు.

"అమ్మకి ఒక్కడే అన్న. హాప్కిన్ అని," అంది ఆవిడ. "ఆయన మాటెత్తితే అమ్మ ఎప్పుడూ ఒకటే అనేది. 'ఏట్లో మునిగాడే. ఆ రోజుతో మాకు లేకుండా పోయాడు.' అనేసి కళ్ళు తుడుచుకునేది. సమాధి ఎక్కడుందో కనుక్కుని రెండు పువ్వులు పెట్టి పోదామని వచ్చాను. మావాళ్ళంటూ ఇంకెవరైనా మిగిలుంటే..."

ఆ మాట పూర్తి చెయ్యకుండా చేతిసంచీ సర్దుకుంది.

ఇద్వాల్ పీపా మీంచి లేచాడు. రెండు మేకులు అతని పంట్లాంతో పాటే లేచాయి.

"మునిగాడా," అన్నాడు గొంతు తగ్గించి, "ముంచారా?"

పోస్టాఫీసులో అడిగితే తేలిపోతుంది కదా అన్నాను. ఇద్వాల్ జాలిగా చూశాడు. హంతకుల వంశాలు ఇంకా ఈ వీధుల్లోనే రొట్టె కొనుక్కుంటున్నాయట. కేసు తేలేదాకా ఎలునెడ్ తన తల్లి పేరు గానీ మేనమామ పేరు గానీ పొరపాటున కూడా బయట అనకూడదట. అలా ఆవిడ ఇద్వాల్ భార్యకి దూరపు బంధువై, గాలి మార్పు కోసం వచ్చినట్టు ఊరంతా ప్రచారమైంది.

పరిశోధన మొదలైంది. మెథడిస్టు చర్చి సమాధుల మధ్య ఇద్వాల్ భూతద్దం పట్టుకుని నాలుగు కాళ్ళ మీద తిరిగాడు. హాప్కిన్ జోన్స్ అన్న పేరు ఏ రాయి మీదా లేదు. శవాన్ని కూడా మాయం చేశారని తేల్చాడు. తర్వాత మనిషంత బరువు తూగేలా ఒక బస్తాలో నా కొట్లోని గొలుసులన్నీ నింపి, శవం ఎటు కొట్టుకుపోతుందో చూద్దామని వంతెన మీంచి ఏట్లోకి తోశాడు. ఇనుము ఎటూ కొట్టుకుపోలేదు. పడిన చోటే ఉంది. ఇప్పటికీ అక్కడే ఉంది.

చివరికి మెథడిస్టు పెద్ద కాడ్వన్ గారి దగ్గరికి వెళ్ళాం. తొంభై ఏళ్ళ మనిషి, చెవులు సగమే పనిచేస్తాయి. ఇద్వాల్ ఆయన చెవిలో, ఏట్లో మనుషుల్ని ముంచడం గురించి మీకేమైనా తెలుసా అని అరిచాడు. ముసలాయన మొహం ఎర్రబడింది.

"తెలీకేం? ఎదురు చర్చివాళ్ళ పని. పట్టపగలు, ఊరంతా చూస్తుండగా, తెల్లచొక్కా తొడిగి మరీ ముంచుతారు. ఒడ్డున నిలబడి పాటలు కూడా పాడతారు."

"చాలామందినా?"

"మా మందలోంచి మంచి మంచి కుర్రాళ్ళని."

ఇద్వాల్ చేతిలో పెన్సిలు జారిపడింది. వీధిలోకి వచ్చాక నాకు ఏదో తట్టబోయింది. "ఇద్వాల్, ఎదురు చర్చి అంటే బాప్తిస్టులు కదా, వాళ్ళు..." అన్నాను. ముఠా పేరు బయటికి అనకని నా నోరు మూసేశాడు. ఆ చెయ్యి నిండా సమాధుల నాచు. ఉమ్ముకుని కొట్టుకి వచ్చేశాను.

కానీ ఎలునెడ్‌కి ఇది ఆటగా లేదు. మనిషి పాలిపోయింది. సంతరోజు పొద్దున్నే పెట్టె సర్దుకుని వీడ్కోలు చెప్పడానికి కొట్టుకి వచ్చింది. "మావాళ్ళని వెతుక్కుంటూ వచ్చాను బాబూ. హత్య ఒకటి మూటగట్టుకుని పోతున్నాను. ఇంక చాలు," అంది. పెట్టె అందుకుని బస్సుదాకా సాగనంపడానికి బయల్దేరాను.

దారి సంత మధ్య నుంచే. అక్కడ గొర్రెల దొడ్ల వెనక ఇద్వాల్ పొంచి ఉన్నాడు. మారువేషం. గొర్రెల కాపరి అంగీ, మొహానికి అసలు గొర్రె ఉన్నితోనే చేసిన గడ్డం. అతని చూపంతా చీజు అమ్మే నెస్టా మీద ఉంది. బాప్తిస్టు చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది ఆవిడే కాబట్టి ముఠా నాయకురాలు ఆవిడేనట.

నెస్టా బాగా కనబడాలని ఇద్వాల్ దొడ్డి లోపలికి వంగాడు. అక్కడున్న పొట్టేలుకి ఆ గడ్డం ఎవరిదో గుర్తొచ్చినట్టుంది. నాలుగడుగులు వెనక్కి వేసి ఒక్కటిచ్చింది. ఇద్వాల్ గాల్లో లేచి, గుర్రాలు నీళ్ళు తాగే తొట్లో తలకిందులుగా దిగాడు. పైకి బూట్లు మాత్రమే కనిపించాయి.

నెస్టాయే వచ్చి కాలరు పట్టి లేపింది.

"మాలో కలవాలని అంత తొందరుంటే చెప్పాలి కదయ్యా ఇద్వాల్," అంది. "మేం బాప్తిస్మం ఇచ్చేది ఏట్లో, గుర్రాల తొట్లో కాదు. మా నాన్న హాప్కిన్‌ని చూడు, దర్జాగా ఏట్లోనే మునిగాడు. మునిగొచ్చేసరికి వాళ్ళ మెథడిస్టు నాన్న గుమ్మం మూసేశాడనుకో, అది వేరే సంగతి."

సంతంతా నవ్వింది. ఎలునెడ్ నవ్వలేదు. నా మోచెయ్యి పట్టుకుంది.

"మీ నాన్నగారికి చెల్లెలుందా?" అంది.

"మార్గెడ్ అత్త. లివర్‌పూల్ పోయింది. ఆ ఇంట్లో ఎవరూ మా నాన్న పేరెత్తకూడదని ముసలాయన ఒట్టు వేయించాడట. ఎందుకండీ?"

"నేను మార్గెడ్ కూతుర్ని."

నెస్టా చేతులు ఏప్రనుకి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది. తర్వాత ఆవిడని గట్టిగా వాటేసుకుంది.

"సమాధికి పువ్వులు పెడదామని..." అని ఎలునెడ్ ఏదో చెప్పబోయింది.

"సమాధేంటి వదినా? నాన్న ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని, రొట్టె మాడ్చానని పొద్దుట్నుంచీ నన్ను తిడుతుంటేను."

చీజు దుకాణం అలాగే వదిలేసి బయల్దేరాం. ఇద్వాల్ నీళ్ళోడుతూ వెనకే వచ్చాడు. హాప్కిన్ జోన్స్ ఎండిపోయిన పొన్నుకర్రలా ఉన్నాడు. కూతురు చెప్పిందంతా విని ఎలునెడ్ మొహంలోకి చాలాసేపు చూశాడు.

"చెల్లికి నా మీద కోపం తగ్గిందా అమ్మా?" అన్నాడు.

"కోపం కాదు మామయ్యా. మీ మాటెత్తినప్పుడల్లా ఏడ్చేది."

ముసలాయన తల ఊపాడు. ఆవిడ చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుని, ఇక వదల్లేదు. నెస్టా పొయ్యి మీద రొట్టె మళ్ళీ మాడింది. ఈసారి ఎవరూ తిట్టలేదు.

కాసేపటికి ఆయన చూపు గుమ్మంలో మడుగు కట్టిన ఇద్వాల్ మీద పడింది. ఈయనెవరని అడిగాడు. మిమ్మల్ని చంపినవాళ్ళని వెతుకుతున్న పరిశోధకుడని చెప్పాను.

"ఎవరైనా దొరికారా బాబూ?" అని మర్యాదగా అడిగాడు హాప్కిన్.

ఇద్వాల్ ఉన్ని గడ్డం పిండుకుంటూ గుమ్మం దిగాడు. తిరిగి వస్తుంటే సందు చివర్లో ఆగి, బూటు విప్పి నీళ్ళు ఒంపాడు.

"పక్కా కేసు గెతిన్," అన్నాడు దిగులుగా. "శవమే నోరు విప్పి అలా అడ్డం తిరిగితే ఎవరు మాత్రం ఏం చెయ్యగలరు?"