శనివారం నాలుగు గంటల చావు

గురువారం పొద్దున బడి గంటకి ముందు చెయ్యాల్సిన పనులు ముర్తుజా ఒక కాగితం మీద రాసుకున్నాడు. తెర తాడు సరిచూడటం, ఇన్‌స్పెక్టరు గారి కుర్చీలోకి దిండు, నాదెండ్లకి ఉత్తరం. మూడే పనులు. తొమ్మిదింటికల్లా ముగించేసి, ఆ తర్వాత తీరిగ్గా లెక్కలు చేసుకోవచ్చని అతని ఏర్పాటు.

ముర్తుజా నరసరావుపేటలో ఆరో ఫారం, అంటే బడిలో ఆఖరి క్లాసు, చదువుతున్నాడు. వాళ్ల నాన్నకి గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. ఆ ఇంట్లో పెరిగినందుకో ఏమో, ఏ పనికైనా నిమిషాలతో సహా వేళ పెట్టందే అతనికి తోచేది కాదు. బళ్లో విద్యార్థుల నాటక సమాజం పెట్టినప్పుడు వేషాలకి అందరూ ఎగబడ్డారు గానీ, ఎవరు ఎప్పుడు ఏ పక్కనుంచి రావాలో, తెర ఎప్పుడు పడాలో చూసే పని ఎవరికీ అక్కర్లేకపోయింది. అది ముర్తుజాకి వచ్చింది. మెడలో ఈల వేసుకుని, చేతిలో గడియారం పట్టుకుని, పద్నాలుగు మందినీ ఎద్దుల్ని తోలినట్టు తోలేవాడు.

అది యుద్ధకాలం. కిరసనాయిలు దొరక్క పెట్రోమాక్సు దీపాలు వెలిగించే దారి లేదు. అందుకని నాటకం శనివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టుకున్నారు. తెలుగు మేష్టారు రాసిన సాంఘిక నాటకం. తండ్రి పంతానికి మనసు విరిగిన కొడుకు విషం తాగి సరిగ్గా నాలుగు గంటలకి చనిపోతాడు. కొడుకు వేషం వెంకటేశ్వర్లుది.

"స్కూళ్ల ఇన్‌స్పెక్టరు గారు చూడ్డానికొస్తన్నారు. ఒక్క తేడా జరిగిందా, సమాజం ఎత్తేస్తా. నిన్నూ ఎత్తేస్తా" అని హెడ్మాస్టరు ముర్తుజాకి ముందే చెప్పాడు.

వెంకటేశ్వర్లుది ఇంకో భయం. తల్లి లేని అతన్ని నాదెండ్లలో అమ్మమ్మ పుల్లమ్మ పెంచింది. మొహానికి రంగు పూసుకున్నాడని తెలిస్తే ఆవిడ చదువు మాన్పించి అరక దున్నిస్తుంది. మేనమామ వీరయ్యకి మాత్రం నాటకాలంటే ప్రాణం. తల్లికి చెప్పకుండా సాయం చేస్తానన్నాడు. శవాన్ని మోసే సన్నివేశానికి దిట్టమైన మనుషుల్నీ, ఒక తెల్ల దుప్పటినీ తనే తెస్తానని మాటిచ్చాడు.

అది గుర్తుచేస్తూ ముర్తుజా కార్డు రాశాడు. "వీరయ్య మామ గారికి, మన వెంకటేశ్వర్లు శనివారం సాయంత్రం నాలుగు గంటలకు చనిపోతాడు. మోయడానికి బలమైన మనుషులు కావాలి. తెల్ల దుప్పటి మరువవద్దు. మీరు తప్పక వచ్చి చూడవలెను." నాటకం సంగతి మామకి తెలిసిందే గదా అని ఆ మాట రాయలేదు. రాసి పక్కన పెడుతుంటే మోచెయ్యి తగిలి సిరాబుడ్డి ఒరిగింది. కార్డు ఒక మూల నల్లగా తడిసింది. అక్షరాలకి అంటలేదు గనక, ఆరబెట్టి పోస్టు డబ్బాలో వేసేశాడు.

ఆ కార్డు శనివారం పొద్దున నాదెండ్ల చేరింది. వీరయ్య కోర్టు వాయిదాకని గుంటూరు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. నల్ల మూల కార్డంటే చావు కబురు. దాన్ని గడప దాటించకూడదు. పోస్టుమాన్ యల్లమంద వాకిట్లోనే నిలబడి పుల్లమ్మకి చదివి వినిపించి, ఆనవాయితీ ప్రకారం చించి పారేశాడు.

పుల్లమ్మ గుమ్మం పట్టుకుని కూలబడింది. కాసేపటికి తలెత్తింది.

"పోయాడని రాశారా, పోతాడని రాశారా?"

"పోతాడనే ఉంది పెద్దమ్మా. నాలుగింటికని."

"అయితే నా బిడ్డ ఇంకా ఉండాడు! డాక్టరు గడువు చెప్పుంటాడు. ఒరేయ్, బండి కట్టండిరా!"

బండి ఒకటి కాదు, మూడు కదిలాయి. ఎనిమిది మంది మనుషులు కర్రలతో ఎక్కారు. దారిలో కనిపించిన ప్రతివాడికీ పుల్లమ్మ ఏడుస్తూ చెప్పింది. చుట్టరికం ఉన్నవాళ్లు ఎక్కారు. లేనివాళ్లు కూడా పాపం అని ఎక్కారు. నరసరావుపేట పొలిమేరకి వచ్చేసరికి బండ్లు అయిదయ్యాయి.

మూడూ ముప్పావుకి హాస్టలు ముందు దిగారు. వంటమనిషి అలివేలమ్మ బియ్యం చెరుగుతూ తలెత్తింది. ఊరి జనం నాటకానికొచ్చారనుకుంది.

"వెంకటేశ్వర్లు ఎట్టుండాడమ్మా?" అంది పుల్లమ్మ.

"ఎట్టుంటాడు? వారం నుంచీ రోజూ చస్తానే ఉండాడు. ఇయ్యాళ మటుకు గట్టిగా చస్తాడంట. బళ్లో పెద్ద హాల్లో పడుకోబెట్టారు. తొందరగా పోండి, మళ్లీ చోటు దొరకదు!"

పుల్లమ్మ ఆవిడ వంక నోరు తెరిచి చూసింది. పట్నం మనుషుల గుండెలు ఇంత రాళ్లా అనుకుంటూ పరుగెత్తింది.

హాల్లో వేదిక పక్కనున్న వెనక తలుపు దగ్గర ముర్తుజాకి చెమటలు పడుతున్నాయి. నాలుగుకి రెండు నిమిషాలుంది. వేదిక మీద వెంకటేశ్వర్లు అప్పుడే విషం తాగేశాడు. మోసేవాళ్ల జాడ లేదు. ముందు వరసలో ఇన్‌స్పెక్టరు గారు, ఆయన పక్కన హెడ్మాస్టరు. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఎనిమిది మంది దిట్టమైన మనుషులొచ్చారు. ఒకడి భుజాన తెల్ల దుప్పటి ఉంది. ముర్తుజాకి ప్రాణం లేచొచ్చింది.

"వచ్చారా! వీరయ్య మామ పంపితేనా?"

"మా వీరయ్య ఊళ్లో లేడు నాయనా. నా మనవడు ఉండాడా?" అంది పుల్లమ్మ.

మామ ఏడవడానికి ఒక ముసలమ్మని కూడా కుదిర్చి పంపాడనుకుని ముర్తుజా మురిసిపోయాడు. "ఇంకా ఒక్క నిమిషం ఉంటాడు. నేను ఈలేసేదాకా ఎవరూ ఏడవబాకండి."

"ఏడవొద్దా?"

"ఈలేసినాక మీ ఇష్టం అవ్వా. ఎంత ఏడిస్తే అంత మంచిది."

మనిషి ప్రాణం పోతుంటే ఈల వేసే ఆచారం పుల్లమ్మ ఎక్కడా వినలేదు. అడగబోయేలోపే ఈల మోగింది.

వేదిక మీద మనవడు కళ్లు మూసుకుని, నోట్లోంచి నురగ కారుతూ, కదలకుండా పడున్నాడు. అది సబ్బు నురగని ఆవిడకేం తెలుసు? ఒక్క పెట్టున వెళ్లి మీద పడింది.

"నా తండ్రో! గోంగూరలో కారం ఎక్కువైందంటే తింటే తిను లేకపోతే మానుకో అన్నానురో! నీకు నెయ్యి దాచి ఎవరికి పెట్టుకోనురో!"

ముందు వరసలో ఎవరో వెక్కారు. ఇన్‌స్పెక్టరు గారు కళ్లద్దాలు తీశారు.

వెంకటేశ్వర్లు గుండె ఆగినంత పనైంది. అమ్మమ్మ గొంతు! కళ్లు తెరిస్తే నాటకం పోతుంది, సమాజం పోతుంది, ముర్తుజా పోతాడు. తెరవకపోతే అమ్మమ్మే పోయేట్టుంది. ఏం చెయ్యాలో తోచక ఊపిరి బిగబట్టాడు.

అప్పుడు రెండో పక్కనుంచి తండ్రి వేషం కట్టిన కుర్రాడు జాన్ సాహెబు వచ్చాడు. పొడుగు గడ్డం పెట్టుకున్నాడు. ముసలమ్మని చూసి తడబడ్డాడు గానీ, ఈల మోగింది గనక మాట చెప్పెయ్యాలి. గుండెలు బాదుకుంటూ అరిచాడు: "అయ్యో! నా చేతులతో నేనే చంపుకున్నాను!"

పుల్లమ్మ ఏడుపు టక్కున ఆగింది.

"నువ్వా చంపింది?"

ఆవిడ లేచి జాన్ సాహెబు గడ్డం పట్టుకుని గుంజింది. గడ్డం చేతిలోకి ఊడొచ్చింది. ఆవిడ కెవ్వుమని దాన్ని జనంలోకి విసిరేసింది. ఎనిమిది మందీ కర్రలెత్తుకుని వేదికెక్కారు. "ఒరేయ్, నేను కాదు! మేష్టారు రాశాడు!" అంటూ జాన్ సాహెబు స్తంభం వెనక్కి దూకాడు.

ఇక పడుకోవడం వెంకటేశ్వర్లు వల్ల కాలేదు. నురగ నోటితోనే లేచి కూర్చుని, "ఆగండి! నేను బతికే ఉన్నా!" అని అరిచాడు.

శవం లేచేసరికి నాదెండ్ల వీరులు కర్రలక్కడే పడేశారు. ఒకడు కిటికీలోంచి, మిగతావాళ్లు తలుపులోంచి బయటపడ్డారు. పుల్లమ్మ మాత్రం కదల్లేదు. మెల్లగా వంగి మనవడి పాదాలు ముందుకున్నాయా, వెనక్కున్నాయా చూసింది. ముందుకే ఉన్నాయి. చెంప తడిమింది. వెచ్చగా ఉంది. వేలికి ఎర్రరంగు అంటింది. ఆ వేలి వంక చూసింది, మనవడి మొహం వంక చూసింది. హాలు చివరిదాకా వినిపించేట్టు చెంప ఛెళ్లుమనిపించింది.

తన ప్రణాళికలో లేనివి ఇన్ని జరిగాక ముర్తుజాకి చేతనైంది ఒక్కటే. తెర తాడు లాగేశాడు. తెర దభీమని పడింది. అందరూ తెర వెనక ఉండిపోయారు. పుల్లమ్మ ఒక్కతే తెర ముందు మిగిలిపోయింది, అయిదు వందల మంది ఎదుట.

ఆవిడ ఒక్క నిమిషం వగర్చి, నడుమున చెయ్యి పెట్టుకుంది.

"ఏందయ్యా, అట్టా చూస్తారు? ఆవునమ్మి, ఆ డబ్బుతో చదువుకోమని పంపితే పిల్లలకి చావటం నేర్పుతారా? పంతాలు పెద్దోళ్లవి, పోయేది పిల్లల ప్రాణాలా? ముందు మీ పిల్లోళ్లని ఇంటికి తీసుకుపోయి ఇంత అన్నం పెట్టండి!"

చప్పట్లు మొదలయ్యాయి. ఇన్‌స్పెక్టరు గారే ముందు లేచి నిలబడ్డారు.

తెర వెనక ముర్తుజా మెడలో ఈల తీసి బల్ల మీద పెట్టేశాడు. ఎట్లాగూ సోమవారం నుంచి బళ్లో ఉండేది లేదు. వెంకటేశ్వర్లు అమ్మమ్మని తెర లోపలికి తీసుకొచ్చి, మంచినీళ్లిచ్చి, కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "చదువు మానిపించబాకు అమ్మమ్మా" అన్నాడు. ఆవిడ కొంగుతో వాడి మొహం మీది రంగు తుడవసాగింది.

ఇంతలో హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చాడు. ఆయన నోరు తెరిచేలోపే వెనకనుంచి ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు.

"ఆ ముసలమ్మ వేషం కట్టిన కుర్రాడెవరండీ? అట్లాంటి ఏడుపు నేను మద్రాసులో కూడా వినలేదు!"

బళ్లల్లో ఆడవేషాలన్నీ మగపిల్లలే వేసే రోజులు. ఆయనకి ఇంకో ఆలోచన రావడానికి వీల్లేదు. తన బళ్లో ముక్కూమొహం తెలియని ముసలావిడ వేదికెక్కి ఇంత రభస చేసిందని ఒప్పుకోవడం హెడ్మాస్టరు ఉద్యోగానికే ముప్పు. ఆయన మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"వీడేనండీ" అన్నాడు పుల్లమ్మ వైపు చెయ్యి చూపించి. "పుల్లయ్య."

ముర్తుజా కళ్లు తేలేశాడు.

"ఏ క్లాసు?"

"నాలుగో ఫారం అండీ. చాలా ఏళ్ల నుంచి."

పుల్లమ్మ నోరు తెరవబోయింది. వెంకటేశ్వర్లు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆవిడ మనవడి కళ్లల్లోకి చూసింది. నోరు మూసుకుంది. ఇన్‌స్పెక్టరు గారు బాగా నటించినవాళ్లకని తెచ్చిన వెండి పతకం జేబులోంచి తీసి ఆవిడ చేతిలో పెట్టి, "బాగా పైకొస్తావు అబ్బాయ్" అని వీపు తట్టి వెళ్లారు.

బండెక్కేముందు పుల్లమ్మ పతకాన్ని కొంగున ముడేసుకుని వెంకటేశ్వర్లు వైపు తిరిగింది.

"ఒరేయ్, మళ్లీ ఎప్పుడు చస్తావో నాకే ముందు రాయి. అందాకా బుద్ధిగా చదువుకో."

నాటక సమాజం నిలబడింది. ముర్తుజా మళ్లీ ఈల మెడలో వేసుకున్నాడు. వారం తర్వాత ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టు వచ్చింది: పుల్లయ్య అనే విద్యార్థి నటన అమోఘమనీ, అయితే ఆడవాళ్ల నడక మాత్రం ఇంకా పట్టుబడలేదనీ.