మూవింగ్ కాయిల్ దొరకని మహాభాగ్యం

పాట వినడంలో ఏముందండీ! పాట వినడానికి కార్ట్రిడ్జ్ వెతుక్కోవడంలోనే అసలు సంగీతం ఉందని నా దృఢమైన అభిప్రాయం. నవ్వకండి. విన్న పాట కాసేపట్లో అయిపోతుంది. వినబోయే పాట ఎన్నాళ్లయినా అయిపోదు! లాభం ఎందులో ఉందో మీరే చెప్పండి.

తెలియనివాళ్ల కోసం మొదటి నుంచి చెబుతాను. అనంతపురంలో నాకొక బట్టల అంగడి, ఇంట్లో ఒక డైరెక్ట్ డ్రైవ్ టర్న్‌టేబుల్ ఉన్నాయి. డైరెక్ట్ డ్రైవ్ అంటే మధ్యలో బెల్టు గిల్టు లేకుండా మోటారే నేరుగా రికార్డును తిప్పుతుంది. దాని చేతి చివర, సూదిని పట్టుకుని ఉండే గోరంత వస్తువే కార్ట్రిడ్జ్. అందులో అయస్కాంతం కదిలేది ఒక జాతి, తీగచుట్ట కదిలేది ఇంకో జాతి. ఈ రెండోదాన్నే మూవింగ్ కాయిల్ అంటారు. మొదటిదాన్ని అందరూ వాడతారు. అందరూ వాడేదాన్ని నేనెలా వాడతాను?

మూవింగ్ కాయిల్ గొప్పతనమంతా దాని మితభాషిత్వంలో ఉంది. దాన్నుంచి శబ్దం దాదాపు రాదు! వచ్చిన ఆ కాస్తనూ పెంచడానికి ఆంప్లిఫయర్‌కు ముందు ఇంకో ఆంప్లిఫయర్ పెట్టుకోవాలి. సూది అరిగితే సూదొక్కటే మార్చుకునే వీలు చాలావాటికి ఉండదు. ఇన్ని సుగుణాలున్న వస్తువును ఒక్క పూటలో ఎంచుకోవడం మర్యాదేనా?

పైగా రివ్యూలు చదవాలి. ఒకాయన తన కార్ట్రిడ్జ్ శబ్దం చాలా వెచ్చగా ఉందని మురిసిపోతాడు. మే నెలలో అనంతపురంలో కూర్చుని వెచ్చదనం కోసం ఎవరైనా దుడ్లు పెడతారా? ఇంకొకాయన కార్ట్రిడ్జ్‌లో గాయకుడి చుట్టూ ఉన్న గాలి కూడా వినబడుతుందట. మా ఊళ్లో గాలి వినబడటానికి కిటికీ తీస్తే చాలు. దుమ్ముతో సహా వస్తుంది!

ఎంపిక తెమలకపోవడం వల్ల నేను పొందిన మేలు అంతా ఇంతా కాదు. సూది లేదు కనుక అరగదు. రికార్డు తిరగదు కనుక గీతలు పడవు. పక్కింటి బోరు మోటారు వణుకు తగలకూడదని టర్న్‌టేబుల్ కింద కడప బండ వేయించాను. ఆ చల్లటి బండ అంచు మీద మా ఆవిడ ఆదిలక్ష్మి పూలచెండు పెట్టుకుంటోంది. ఏ పూటా వాడిపోలేదు. ఇది సంగీతసేవ కాదా?

ఇంత ప్రశాంతమైన సంసారంలో ఒక్క మా యశోదమ్మత్తే తొందరపడేది.

ఆమె మా నాయన చెల్లెలు. కంబదూరులో ఉంటుంది. పదహారేళ్ల వయసులో ఒక నాటక సమాజంతో మదరాసు పోయి ఒక రికార్డులో పాల్గొంది. ఆ రికార్డు నిండా రాజుగారి పద్యాలు, రాణిగారి కన్నీళ్లు, వాటి మీద హార్మోనియం. మధ్యలో ఎక్కడో చెలికత్తెగా అత్తది ఒక్కటే ఒక్క మాట. ఆమె పెళ్లయి పోయిన ఇంట్లో రికార్డు తిప్పే యంత్రం లేదు. అందువల్ల తన మాట తాను ఇంతవరకూ వినలేదు. నేను టర్న్‌టేబుల్ కొన్నానని తెలిసి, ఆ రికార్డు ప్లేటును చీరలో చుట్టుకుని బస్సెక్కి వచ్చింది.

అప్పటినుంచి వస్తూనే ఉంది.

"ఏమ్రా వేణూ, సూది వచ్చినాదా?"

"ఇంకా చూస్తాండా అత్తా."

"ఆదిలక్ష్మిని గూడా ఇన్నాళ్లు చూడలేదు గదరా నువ్వు! ఒక పూట చూసి ఊ అంటివి."

అంత లోతైన ప్రశ్నకు జవాబుగా నేను సూది ముక్కు గుండ్రంగా ఉంటే ఏమవుతుందో, కోలగా ఉంటే ఏమవుతుందో బొమ్మ గీసి చెప్పేవాణ్ణి. ఆమె కాఫీ తాగి, ప్లేటును మళ్లీ చీరలో చుట్టుకుని, బస్టాండుకు వెళ్లిపోయేది. ఆ ప్లేటు ఎంత భద్రంగా ప్రయాణాలు చేసిందో చూడండి! నా దగ్గర సూది ఉండి ఉంటే దానికా యోగం పట్టేదా?

చివరకు బత్తలపల్లెలో మా బంధువుల పెళ్లి వచ్చింది. అత్త అక్కడికి కూడా ప్లేటు తెచ్చింది. పెళ్లయ్యాక అటునుంచి అటే మా ఇంటికి రావాలని ఆమె ఆలోచన. పందిట్లో మైకుసెట్టు పెడుతున్న దాదాపీర్ దగ్గర పాతకాలపు రికార్డు ప్లేయర్ ఒకటి ఉంది. అది చూసి అత్త నా వైపు చూడనైనా చూడకుండా అతని దగ్గరకు నడిచింది.

"ఏమమ్మా, ప్లేటా? ఇట్లియ్యి, ఏస్తా."

నేను పరుగెత్తాను. "ఆగప్పా! ఆ సూది యాడిది? ఎప్పుడు మార్చినావు?"

"సూది మారుస్తారా అన్నా?" అన్నాడు దాదాపీర్ ఎంతో ఆసక్తిగా.

అప్పటికే పందిరి మీది మైకు హార్న్ మొత్తుకుంటోంది. రాజుగారి పద్యం బత్తలపల్లె అంతా చీలికలై వినబడింది. నా చెవులు మూసుకున్నాను. అత్త మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని హార్న్ వైపే చూస్తోంది. ఇంతలో ఒక పడుచుపిల్ల గొంతు వచ్చింది.

"మహారాజుగారు విచ్చేయుచున్నారు!"

సరిగ్గా అక్కడే సూది ఇరుక్కుపోయింది!

"మహారాజుగారు విచ్చేయుచున్నారు! మహారాజుగారు విచ్చేయుచున్నారు!"

అదే సమయానికి పెళ్లికొడుకు ఓబిలేష్ కారు దిగాడు. పందిరంతా గొల్లున నవ్వింది. పాపం ఆ అబ్బాయి సిగ్గుతో అడుగు వేసేకొద్దీ హార్న్ అతన్ని మహారాజుగారని ప్రకటిస్తూనే ఉంది. ఆడపెళ్లివాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు.

"ఆపప్పా! గాడి అరిగిపోతాంది!" అని నేను అరిచాను.

అత్త నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె కళ్లనిండా నీళ్లు, మొహమంతా నవ్వు.

"ఊరుకోరా. ఇప్పుడే గదా నన్ను మాట్లాడనిస్తాండారు!"

పెళ్లికొడుకు పీట మీద కూర్చునేదాకా దాదాపీర్ సూదిని కదపలేదు. మా ఇంటికి రావాల్సిన పని అత్తకు ఇక లేకపోయింది. సాయంత్రం కంబదూరు బస్సు ఎక్కేసింది.

నేను ఇంటికొచ్చి, ఆ హార్న్‌లో పైస్థాయి ఎలా పగిలిపోయిందో, కిందిస్థాయి అసలు ఎలా లేకుండా పోయిందో ఆదిలక్ష్మికి సవివరంగా చెప్పాను. మంచి కార్ట్రిడ్జ్ ఎందుకు అవసరమో ఇప్పుడైనా తెలిసిందా అన్నాను.

ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా విన్నది.

"ఆయమ్మ ఇన్నితూర్లు మనింటికి వచ్చినాది. ఆ మాట ఏందత్తా, ఒకతూరి చెప్పు అని మీరు అడిగింటే నోటితోనే చెప్పిండేది గదా?"

పాఠకులారా, ఈ ప్రశ్న ఏ రివ్యూలోనూ లేదు! శబ్దం, శబ్దం చుట్టూ గాలి, గాలిలో వెచ్చదనం, అన్నీ చదివాను. మనిషిని అడగొచ్చని ఒక్కరూ రాయలేదు.

అత్తకు ఫోన్ చేశాను.

"అత్తా, ఆ మాట నాకొకసారి చెప్తావా?"

అవతల గాజుల చప్పుడు.

"ఉండు నాయనా," అంది అత్త. "కొంగు సరిచేసుకోని చెప్తా."

ఫోన్‌లో కొంగెవరు చూస్తారత్తా అని నోటిదాకా వచ్చింది. మింగేసి, ఫోన్‌ను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.