పది నిమిషాల దూరంలో సొంత ఇల్లు

ఇల్లు కొనదలచిన ప్రతి పౌరునికీ ఏజెంటు తప్పక లభించును. ఇల్లు లభించుట అనునది తదుపరి దశలో పరిశీలించబడును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఏజెంట్లందరూ కలిసి పెట్టుకున్న 'ముప్పట్టణ గృహాన్వేషణ సేవా సమాఖ్య' వారి చిన్న పుస్తకంలో ఇది మొదటి వాక్యం. పుస్తకం పేరు 'కొనుగోలుదారు తన ఏజెంటు నుండి ఏమి ఆశించవచ్చు'. మొత్తం ఎనిమిది పేజీలు. మొదటి ఏడింటిలో సమాఖ్య అధ్యక్షులు కొండప్పగారి ఫోటోలు ఉంటాయి (భూమిపూజలో, గృహప్రవేశంలో, ఒకచోట ఎందుకో గుర్రం మీద). ఎనిమిదో పేజీలో నియమాలుంటాయి. కొనుగోలుదారు ఏమి ఆశించవచ్చన్నది స్థలాభావం వల్ల తర్వాతి ముద్రణకు వాయిదా వేశారు.

ఆ పుస్తకం కమలాక్షి చేతికి వచ్చినప్పుడు ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఆమె చౌడేపల్లె దగ్గర ఒక పాల కేంద్రంలో పాలు పరీక్షిస్తుంది. క్యాను మూత తీయగానే అందులో నీళ్లెన్ని కలిశాయో యంత్రం కంటే ముందు చెప్పగలదు. భర్త రామచంద్రప్ప టమోటా లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డుమీదే ఉంటాడు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో వాళ్లు పదకొండు అద్దె ఇళ్లు మారారు. పుంగనూరులో ఇప్పుడుంటున్నది పదకొండోది. ఇందులో ఆరేళ్లు గడిచాయి.

సొంత ఇల్లు కావాలన్న పట్టుదల ఆమెకు తల్లి వల్ల వచ్చింది. మునెమ్మకు చూపు పోయి ఎనిమిదేళ్లయింది. పదో ఇంటి నుంచి పదకొండో ఇంటికి మారిన వారంలోనే ఆమె తెలియని గడప తట్టుకుని పడి, తుంటి విరిగి, ఆసుపత్రి పాలై, మూడు నెలలు మంచం మీద ఉంది. ఆ తర్వాత ఏడాదికిగానీ గోడ పట్టుకుని తనంతట తాను తిరగడం రాలేదు. ఇంకొకసారి సామాను కట్టేదుంటే అది సొంత ఇంటికే కట్టాలని కమలాక్షి ఆ ఆసుపత్రి వరండాలోనే అనుకుంది.

అందుకని డబ్బు కూడబెట్టి, బ్యాంకులో లోను మాట్లాడుకుని, మదనపల్లెలో టీ అంగడి మీద ఉన్న సమాఖ్య కార్యాలయానికి వెళ్లింది. అక్కడ ఆమెను కుప్పుస్వామికి అప్పగించారు. ఆయన తెల్ల చొక్కా మనిషి. కార్డు మీద 'సంయుక్త సందర్శన అధికారి' అని ఉంది (సంయుక్తంగా ఇంకెవరున్నారని అడిగితే, కారు డ్రైవరన్నాడు. కారు ఆయనే నడుపుతాడు).

కుప్పుస్వామి ఆమె చేత నలభై ఒక్క ప్రశ్నల దరఖాస్తు నింపించాడు. నక్షత్రం, ఇష్టమైన దిక్కు, ఇంటిముందు కారు నిలిపే ఉద్దేశం, కారు కొనే ఉద్దేశం అన్నీ అడిగారు. ఇప్పుడు మీరెక్కడ ఉంటున్నారన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. కొనేవాళ్లు ఎక్కడికి పోవాలన్నదే సమాఖ్యకు ముఖ్యం. ఉన్నచోటు వాళ్లకు తెలిసే ఉంటుంది కదా. వృత్తి దగ్గర ఆమె 'ప్రైవేటు ఉద్యోగం' అని రాసింది.

తర్వాత ఆయన నియమాలు చదివి వినిపించాడు. సందర్శన సమయంలో కొనుగోలుదారు కొళాయిలు తిప్పరాదు. యజమానితో నేరుగా మాట్లాడరాదు. ఏ ఇంటినీ 'బాగలేదు' అనరాదు, 'ఇంట్లో అడిగి చెప్తాం' అనవలెను. కమలాక్షి అన్నింటికీ తలూపి సంతకం పెట్టింది.

అలా పది నెలలు తిరిగారు. ప్రతి ఆదివారం ఆయన పుంగనూరు బస్టాండులో ఆమెను కారెక్కించుకునేవాడు. మదనపల్లెలో మొదటి ఇంటి నుంచి హార్స్‌లీ కొండ కనబడుతుందన్నాడు. కనబడింది కూడా, మిద్దెమీది నీళ్లట్యాంకు ఎక్కి నిలబడితే. ట్యాంకులో చుక్క నీళ్లు లేవు గనుక జారిపడే భయం లేదని ఆయన భరోసా ఇచ్చాడు. వాల్మీకిపురం దారిలో చూపినది వెంటనే చేరిపోదగ్గ ఇల్లు. దానికి పైకప్పు లేదు. కొనేవాళ్ల అభిరుచికి వదిలేశారని చెప్పాడు. కుప్పం పక్కన చూపినది బెంగళూరుకు దగ్గరంట. నాకు బెంగళూరులో ఏ పనీ లేదని కమలాక్షి అంటే, అట్లాంటివాళ్లకే అది నిమ్మళంగా ఉంటుందన్నాడు. అన్ని ఇళ్లూ బస్టాండుకు పది నిమిషాల దూరంలోనే ఉండేవి. సమాఖ్య లెక్కలో నిమిషమంటే ఎంతన్నది ఎనిమిదో పేజీలో కూడా రాయలేదు.

ప్రతిసారీ ఆమె ఇంట్లో అడిగి చెప్తానంది. ఇంటికొచ్చి నిజంగానే తల్లికి చెప్పేది. మునెమ్మ అన్నీ విని, గడపలెన్ని అని మాత్రం అడిగేది.

పదకొండో నెలలో కుప్పుస్వామి ఫోన్ చేసి, ఇన్నాళ్లూ తాను చూపినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అన్నాడు. ప్రశాంత వాతావరణం, ఇరవై నాలుగు గంటల నీళ్లు, తూర్పు వాకిలి, ముందు నిమ్మచెట్టు. ఫోటో ఒకటి పంపాడు. అందులో నిమ్మచెట్టు కొమ్మలే ఎక్కువ, ఇల్లు తక్కువ.

ఆ ఆదివారం కారు బస్టాండు నుంచి బయలుదేరి, ఊరి అందాలు కనబడాలని కాబోలు, బయటి రోడ్డంతా చుట్టి వచ్చింది. కారు రెండో సందులోకి తిరిగినప్పుడు కమలాక్షి కొంచెం ముందుకు వంగి కూర్చుంది. పిండిమిల్లు దాటాక హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి లాక్కుంది. కుప్పుస్వామి కారాపి, దిగి, చేయి చాపి చూపించాడు.

అది ఆమె ఉంటున్న ఇల్లే.

ఆమె కారు దగ్గరే నిలబడిపోయింది. పోయిన నెల ఎవరో తెల్ల చొక్కా మనిషి వచ్చి చెట్టుకు ఫోటో తీసుకుపోయాడని పక్కింటామె చెబితే, వ్యవసాయ శాఖ వాళ్లేమో అనుకుంది. ఇంటి యజమానురాలు నాగరత్నమ్మ కుప్పంలో ఉంటుంది. మొన్న ఒకటో తేదీ అద్దె ముట్టిందని ఫోన్ చేసిన మనిషి అమ్మకం మాట ఎత్తలేదు. తాను కాకపోతే ఇంకెవరో ఈ కారులోనే వచ్చి దిగుతారు. పన్నెండోసారి సామాను. మళ్లీ తెలియని గడపలు.

ఇందులో ఎవరుంటారని ఆమె వీలైనంత మామూలు గొంతుతో అడిగింది.

"ఎవురో బాడిగోళ్లు మేడం. ఒగాయమ్మ, ఒక ముసలామె. ముసలామె లోపలే ఉంటాది గానీ మూడుసార్లు కొట్టినా వాకిలి తీయల్యా. మీరేం దిగులు పెట్టుకోవద్దండి, రెండు నెల్లల్లో ఖాళీ చేయిస్తాము. మనుషులు అంత మంచోళ్లు కాదంట గానీ, ఇల్లు బంగారం."

లోపలికి పోలేం గనుక ఈ రోజుకు బయటి నుంచే దర్శనం చేసుకోవాలని, సమాఖ్య దీనిని పూర్తి సందర్శనగానే పరిగణిస్తుందని ఆయన చెబుతుండగా, కమలాక్షి హ్యాండ్‌బ్యాగులోంచి బీగం చెవి తీసి, మెట్లెక్కి, వాకిలి తెరిచింది.

వేరే వృత్తిలో ఉన్న మనిషైతే అక్కడ తడబడేవాడు. కుప్పుస్వామి ఒక్క క్షణం ఆ బీగం వైపు, ఒక్క క్షణం ఆమె వైపు చూశాడు.

"సూడండి మేడం," అన్నాడు, "ఈ ఇల్లు మీకు ఎంత కుదురుతాదో. బీగం చెవి కూడా సరిపాయ."

లోపల మంచం మీదున్న మునెమ్మ చెప్పుల చప్పుడు విని తల ఎత్తింది. "ఎవురుమే నీ ఎంబడి వచ్చింది?"

"ఇల్లు సూపించేదానికి వచ్చినాడమ్మా."

"ఎవురిల్లు?"

"మనదే."

మునెమ్మ లేచి, గోడ మీద చేయి వేసి, రాప్పా అని కుప్పుస్వామిని పిలిచింది. ఆ తర్వాత జరిగినది సమాఖ్య చరిత్రలో ఎన్నడూ లేని సందర్శన. కళ్లు లేని మనిషి ఏజెంటుకు ఇల్లు చూపించింది. ఇక్కడ గోడకు చెమ్మ, వానాకాలం చేయి పెడితే తెలుస్తుంది. ఈ గడప రెండంగుళాలు ఎత్తు, కాలెత్తి పెట్టు. మంచం నుంచి బాత్‌రూముకు తొమ్మిది అడుగులు, ఏడో అడుగు దగ్గర బండ కదులుతుంది. వంటింటి కొళాయి తిప్పి ఆయన చేత వినిపించింది. అది కాసేపు దగ్గి ఊరుకుంది. నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయని, అయినా తూర్పు కిటికీ దగ్గర కూర్చుంటే పొద్దున ఎండ సరిగ్గా మోకాళ్ల మీద పడుతుందని చెప్పింది. కుప్పుస్వామి వెనకే నడుస్తూ, చెప్పినచోటల్లా కాలెత్తి దాటాడు. తాను అమ్మే ఇంటి లోపల ఏముందో ఆయనకూ అప్పుడే తెలిసింది. చివరకు, చాలా బాగా చూపించారమ్మా అన్నాడు.

కమలాక్షి అలవాటుగా ఇంట్లో అడిగి చెప్తానంది. అడగవలసిన మనిషి ఎదురుగానే ఉంది గనుక అప్పుడే అడిగింది.

"ఈడనే ఉండేదయితే ఇంగ అడిగేదేముండాది," అంది మునెమ్మ. "నా కాళ్లకు తెలిసిన ఇల్లు ఇదొగటే."

నాగరత్నమ్మ నంబరు కమలాక్షి ఫోన్‌లో ఆరేళ్లుగా ఉంది. అప్పుడే మాట్లాడేస్తానంటే కుప్పుస్వామి సంతకం పెట్టిన కాగితం చూపించాడు. యజమానితో నేరుగా మాట్లాడరాదు. ప్రతి నెలా మాట్లాడుతున్నానే అంటే, అది అద్దెదారు హోదాలో అని, ఇది కొనుగోలుదారు హోదా అని వివరించాడు. ఆ తర్వాత మూడు వారాలు ఆయన ఇద్దరి మధ్యా తిరిగాడు. పార్టీ గట్టిదని, బెంగళూరు సాఫ్ట్‌వేరు వాళ్లని అక్కడ చెప్పాడు. ఓనరమ్మ చాలా కోపిష్ఠి, తొందరపడకూడదని ఇక్కడ చెప్పాడు. చివరకు ఒక గురువారం కమలాక్షిని కుప్పం తీసుకుపోయాడు.

నాగరత్నమ్మ పదవీ విరమణ చేసిన టీచరు. వాకిలి తీసి, బెంగళూరు పార్టీ కోసం కమలాక్షి భుజం మీదుగా వీధిలోకి చూసింది.

"ఏం కమలాక్షీ, ఇంత దూరమొచ్చినావు? అమ్మకు బాగుండాదా?"

కుప్పుస్వామి మధ్యలోకి వచ్చి ఒకరినొకరికి పరిచయం చేశాడు. వీరు యజమాని, వీరు కొనుగోలుదారు. ఇద్దరూ నమస్కారం పెట్టుకునే దాకా ఆయన తృప్తి పడలేదు.

లోపల కూర్చున్నాక నాగరత్నమ్మ మొహం చిన్నదైంది. అమ్ముతున్నట్టు తెలిస్తే అద్దెవాళ్లు మొండికేస్తారని, ఒక్క మాట చెప్పవద్దని ఏజెంటు అన్నాడంది. "నువ్వు అడిగింటే నీకే ఇచ్చిందునే. ఆ ముసలామెను యాడికి పొమ్మంటానే నేను?"

"మీరు చెప్పింటే అడిగిందును గదమ్మా," అంది కమలాక్షి.

ఇద్దరూ తిరిగి కుప్పుస్వామి వైపు చూశారు. ఆయన కాఫీ తాగుతున్నాడు.

"దానికే గదమ్మా మేముండేది," అన్నాడు. "ఇద్దుర్నీ కలిపేదానికి."

ధర సంగతి పది నిమిషాల్లో తేలింది. (ఇవి గోడ గడియారంలోని నిమిషాలు.) చెమ్మ గోడకని నాగరత్నమ్మ కొంత తానే తగ్గించింది. తగ్గించిన దానికి సరిగ్గా సరిపోయేంతగా కుప్పుస్వామి కమీషను వచ్చింది, అది కూడా ఇద్దరి దగ్గరా.

రిజిస్ట్రేషను రోజు రామచంద్రప్ప లారీ దిగి నేరుగా వచ్చి సాక్షుల పక్కన నిలబడ్డాడు. ఇంటికొచ్చాక, సామాను ఎప్పుడు కట్టాలని అలవాటు కొద్దీ అడిగి, తనే నవ్వుకున్నాడు. కమలాక్షికి ఆ మాట వినగానే ఏడుపొచ్చింది. వంటింట్లోకి పోయి కాసేపు నిలబడి వచ్చింది.

నాలుగు రోజుల తర్వాత ఆదివారం వాకిట్లో కారు ఆగింది. కుప్పుస్వామి, ఆయన వెనక కొత్తగా పెళ్లయిన జంట, జాహ్నవి, సాయికుమార్. అమ్ముడైన ఇంటినే అన్నిటికన్నా ముందు చూపించాలని, చూశాక ఆశ పుడుతుందని, ఆశ పుట్టాక పైకప్పు లేని ఇల్లు చూపినా తట్టుకుంటారని ఆయన కమలాక్షిని పక్కకు పిలిచి చెప్పాడు. రెండు నిమిషాలు వాకిలి తీసిపెడితే చాలన్నాడు. ఆమె తీసింది. ఆ అమ్మాయి తూర్పు కిటికీ దగ్గర చాలాసేపు నిలబడింది. వెళ్లేటప్పుడు దగ్గరకొచ్చి, మెల్లిగా, ఈయన ఎట్లాంటి మనిషక్కా, నమ్మొచ్చా అని అడిగింది.

కమలాక్షి ఆలోచించింది. పది నెలలూ, ఆ ట్యాంకూ, ఆ కాగితం మీది సంతకమూ గుర్తొచ్చాయి. ఆయన రాకపోతే ఈ పాటికి ఇల్లు ఎవరి పేరు మీద ఉండేదో అన్నది కూడా గుర్తొచ్చింది.

"మంచోడేమ్మా," అంది.

ఆ ఒక్క మాట సాయంత్రానికల్లా సమాఖ్య వాట్సాప్ గ్రూపులోకి, ఆమె ఫోటోతో సహా, ఎక్కింది. కింద పెద్ద అక్షరాలతో 'శ్రీమతి కమలాక్షి, గృహ యజమాని' అని రాశారు. ఇంటి పన్ను కాగితాల్లో పేరు మారడానికి ఇంకా గడువుంది గనుక, ఇప్పటివరకు ఆమెను ఆ ఇంటి యజమానిగా గుర్తిస్తూ ప్రకటించిన సంస్థ అదొక్కటే.