చెరువుగట్టు యూనిటీ డే

అక్టోబర్ మూడో తారీఖు శుక్రవారం పొద్దున చక్రపాణికి మెలకువ వచ్చింది కానీ లేవలేదు. విడిపోయిన జర్మనీ మళ్లీ ఒకటైన రోజుట, మ్యూనిక్ టీమ్‌కి సెలవు. అంటే ఆరింటి కాల్ లేదు. ఎక్కడో ఒక దేశం కలిసిపోయినందుకు ఇక్కడ అమెరికాలోని బెంటన్‌విల్‌లో తనకి రెండు గంటల నిద్ర దక్కడం అతనికి భలే ముచ్చటగా అనిపించింది. ఆ ముచ్చట కోసమే తనూ ముందే సెలవు పెట్టేసుకున్నాడు.

ప్లాన్ చిన్నదే. చెరువు పక్కన పార్కులో ఒంటరిగా కూర్చుని, పద్మనాభానికి ఒక మెసేజ్ రాయాలి. మూడేళ్లుగా రాయాలనుకుంటున్నదే.

ఇద్దరూ ఒకప్పుడు ఒకే కారులో ఆఫీసుకి వెళ్లేవాళ్లు. ఓజార్క్ తెలుగు సమితి దీపావళి సభ వాళ్ల కొంప ముంచింది. స్టేజీ మీద పెద్దమనుషులు తొమ్మిదిమంది, కుర్చీలు ఎనిమిది. కుర్చీలు వేసింది సమితి సెక్రటరీ చక్రపాణి, నిలబడిపోయింది పద్మనాభం. నెల తిరక్కుండా ఓజార్క్ తెలుగు సమాఖ్య పుట్టింది, పద్మనాభం అందులోకి వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ లిఫ్టులో ఎదురుపడితే ఇద్దరూ శ్రద్ధగా ఫ్లోర్ నంబర్లు చదువుకుంటున్నారు.

ఏకాంతానికి భంగం రాకూడదని చక్రపాణి వారం ముందే సిటీ వెబ్‌సైట్‌లో చెరువుగట్టు మీది షెల్టర్, అంటే బల్లలు వేసిన పందిరి, బుక్ చేశాడు. ఈవెంట్ పేరు రాయందే ఫారం కదల్లేదు. ఆఫీస్ క్యాలెండర్‌లో ఆ జర్మనీ సెలవు పేరు చూసి 'యూనిటీ డే' అని కొట్టాడు. ఎంతమంది అన్నచోట అన్నిటికన్నా చిన్నది 'ఇరవై అయిదు నుంచి యాభై', అదే నొక్కాడు. సిటీవాళ్లు పద్ధతిగా బోర్డు తగిలించారు. 'యూనిటీ డే, మధ్యాహ్నం పన్నెండు, ఆర్గనైజర్ చక్రపాణి.'

ఎందుకైనా మంచిదని రెండు సంఘాల్లోనూ మెంబర్‌గా ఉన్న రష్మి పొద్దున వాకింగ్‌లో ఆ బోర్డు చూసింది. ఫొటో తీసి రెండు వాట్సాప్ గ్రూపుల్లోనూ పెట్టింది.

చక్రపాణికి ఇదేమీ తెలీదు. తొందరగా వచ్చి, మాట కుదిరేదాకా ఎవరూ కదిలించకూడదని ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, 'పద్మనాభం' అని రాసి ఆగిపోయాడు. నీళ్ల మీద పొగమంచు ఇంకా విడలేదు. మేపుల్ ఆకులు అప్పుడప్పుడే ఎరుపెక్కుతున్నాయి. ఆ మంచులో తన పాత కారు తేలిపోతున్నట్టూ, పక్క సీట్లో పద్మనాభం ఏసీ తగ్గించమని సణుగుతున్నట్టూ కనిపించింది. ఆ సణుగుడు కోసం ప్రాణం కొట్టుకుపోయింది. అలా రెండు గంటలు గడిచిపోయాయి.

"ఏమయ్యా చక్రపాణీ! ఇంత గుట్టుగా రాయబారం నడిపావా?"

సమితి ప్రెసిడెంట్ పరంధామయ్య, చేతుల్లో పెద్ద అల్యూమినియం ట్రే నిండా పులిహోర.

"రాయబారం ఏంటండీ? నేను ఊరికే..."

"చాల్లే నీ వినయం! మొత్తానికి వాళ్లు దిగొచ్చారన్నమాట."

ఇంతలో బిర్యానీ ట్రేతో సమాఖ్య ప్రెసిడెంట్ ఛాయాదేవి దిగింది. "చక్రపాణిగారూ, సారీ చెప్పడానికి గుండె ఉండాలండీ. మీ సమితికి అది ఉందని నేను ఎక్స్‌పెక్ట్ చేయలేదు!"

అరగంటలో నలభైమంది పోగయ్యారు. ఫారంలో నొక్కిన లెక్క అచ్చంగా నిజమైంది. రెండు పక్షాల పిల్లలూ ఆకులు విసురుకుంటున్నారు. చక్రపాణి ఆ ఎండలో, ఆ నవ్వుల్లో మైమరచి, నిజంగానే అందరూ కలిసిపోయారేమో అనుకున్నాడు. దూరంగా కారుకి ఆనుకుని పద్మనాభం కూడా నిలబడి ఉన్నాడు.

"ఇంతకీ కలిసిన కమిటీకి ప్రెసిడెంట్ ఎవరు?" అన్నారెవరో.

అంతే. ట్రేల మూతలు తీయకముందే గొంతులు లేచాయి. ఒకరు సీనియారిటీ అన్నారు, ఇంకొకరు మెంబర్‌షిప్ అన్నారు. చివరికి అందరూ చక్రపాణి మీద పడ్డారు. "నువ్వే చెప్పు, అగ్రిమెంట్ ఏంటి?"

ఇక నిజం కక్కక తప్పలేదు. "అగ్రిమెంట్ లేదండీ. ఇది జర్మనీవాళ్ల పండగ. ఒక్కణ్ణే కూర్చుందామని బుక్ చేశాను."

"అంటే తెల్లారి లేచి నేను దమ్ పెట్టింది జర్మనీ కోసమా?" అంది ఛాయాదేవి.

"నేను క్లయింట్ మీటింగ్ క్యాన్సిల్ చేసుకుని వచ్చానమ్మా!" అన్నాడు పరంధామయ్య.

మూడేళ్లలో మొదటిసారి ఇద్దరూ ఒకరి బాధ ఒకరు అర్థం చేసుకున్నారు. అక్కడికక్కడే ఉమ్మడి సమావేశం మొదలైంది. చక్రపాణిని రెండు సంఘాల నుంచీ తొలగించాలని తీర్మానం పెట్టారు.

"నేను సమాఖ్యలో లేను కదండీ?" అన్నాడు చక్రపాణి.

"చేర్చుకుని తీసేస్తాం," అంది ఛాయాదేవి.

చేతులన్నీ లేచాయి. "వ్యతిరేకించేవాళ్లు?" అని మాటవరసకి అడిగాడు పరంధామయ్య.

కారు దగ్గర ఒక చెయ్యి లేచింది.

"పద్మనాభంగారూ, మీరు మావాళ్లు కదా!" అంది ఛాయాదేవి.

"అయితే ఏంటండీ? సెలవు రోజు చెరువు చూడ్డానికి వచ్చినోణ్ణి తీసేయడమేంటి? చూస్తూ ఊరుకోమంటారా?"

"ఆయన్నీ రాసుకోండి," అన్నారు ప్రెసిడెంట్లిద్దరూ ఒక్క గొంతుతో.

తీర్మానం నెగ్గింది. పులిహోర పక్కన బిర్యానీ చేరింది, సమితీ సమాఖ్యా ఒకే బల్ల మీద భోజనానికి కూర్చున్నాయి. వేటుపడ్డ ఇద్దరూ గట్టు చివరికి నడిచారు.

"తప్పు నాదేరా," అన్నాడు చక్రపాణి. రెండు గంటల్లో కుదరని మాట అంత తేలిగ్గా వచ్చేసరికి అతనికి కళ్లు చెమర్చాయి.

"ఆ ముక్క మూడేళ్ల కింద చెప్తే ఏం పోయింది నీకు?" అన్నాడు పద్మనాభం. "సరేలే. మనిద్దరం కలిసి ఒక సంఘం పెట్టేద్దామా?"

చక్రపాణి వెంటనే సరేనన్నాడు. ప్రెసిడెంట్ ఎవరన్న మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.