లుండెబో గ్రామంలో ఆక్సెల్ గారి గైర్హాజరు

లుండెబో గ్రామ సంఘం నాలుగో సర్వసభ్య సమావేశం దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఆ సంఘానికి కార్యదర్శిని నేను. పేరు ఫ్లెమ్మింగ్. మినిట్స్ రాసేది నేనే కాబట్టి ఇందులో పొరపాటుకు తావు లేదు.

లుండెబో కోసం మ్యాపులో వెతక్కండి. అది కంప్యూటర్లో ఉంది. ఆన్‌లైన్ ఆటల్లో చాలావాటిలో జనం ఒకర్నొకరు కాల్చుకుంటారు; మాది అలాంటి అనాగరికమైన ఆట కాదు. ఇక్కడ ఎవరూ ఎవరినీ చంపడానికి వీల్లేదు. కట్టెలు కొట్టుకోవడం, కుండలు చేసుకోవడం, ఉన్ని వడుక్కోవడం, చేసుకున్నది పొరుగింటికి ఇచ్చుకోవడం, అంతే. యుద్ధవార్తలు చూసి చూసి విసిగిపోయిన ఓడెన్స్ శివార్ల శాంతికాముకులం నలభై ముగ్గురం కలిసి ఈ ఊరు కట్టుకున్నాం.

మొదటి గుడిసెకు పైకప్పు పడకముందే సంఘం పెట్టుకున్నాం. మా డెన్మార్క్‌లో సంఘం లేకుండా పావురాలకు గింజలు కూడా వెయ్యరు. నిబంధనావళి నలభై ఆరు పేజీలు. అందులో ముఖ్యమైనది, కంచె మొక్కలు ఒక మీటరు ఎనభై సెంటీమీటర్లు దాటరాదు. నిజానికి ఆట తయారుచేసినవాళ్ళు మొక్కలు పెరగకుండా చేశారు. అలాగైతే నిబంధన అమలు చేసేదెలా? నలభై మూడు సంతకాలతో విన్నపం పంపి, మొక్కలు పెరిగేలా చేయించుకున్నాం.

నెలకో శనివారం ఉమ్మడి పని దినం. అందరూ వచ్చి దారులు ఊడవాలి. ఆ దారుల మీద దుమ్ము పడదు, అయినా ఊడుస్తాం, ఐకమత్యం కోసం. వరుసగా మూడుసార్లు రానివారి స్థలం వెయిటింగ్ లిస్టులో మొదట ఉన్నవారికి పోతుంది. ఆక్సెల్ గారు మార్చి, ఏప్రిల్, మే నెలల్లో రాలేదు. ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు.

ఆక్సెల్ గారు బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైన మనిషి. భార్య బోదిల్ గారు. ఇద్దరూ నలభై తొమ్మిదేళ్ళు ఒకే కప్పు కింద ఉన్నది చాలన్నట్టు లుండెబోలో వాగు ఒడ్డున పక్కపక్కన రెండు స్థలాలు తీసుకున్నారు. ఆక్సెల్ గారు తన స్థలంలో మట్టి పొయ్యి ఒకటి కట్టారు. రోజూ ఏడు గంటలకు అది దానంతటదే ఒక రై రొట్టె కాల్చి, బోదిల్ గారి గుమ్మంలో పెట్టి వచ్చేలా ఏర్పాటు చేశారు. రొట్టెతోపాటు ఒక చీటీ: 'బోదిల్, లే. కాఫీ నువ్వే పెట్టుకో.' కిందటి శరదృతువులో డాక్టరు ఏదో చెప్పాక, ఆయన నెలరోజులు కూర్చుని కొట్లో పదేళ్ళకు సరిపడా పిండి నింపారు. అప్పట్లో దీన్ని మేం అక్రమ నిల్వగా నమోదు చేసుకున్నాం.

ఆయన పోయాక కూడా రొట్టె వస్తూనే ఉంది. బోదిల్ గారు కోరిందల్లా ఒక్కటే, ఆ పొయ్యిని ఉండనివ్వమని.

సంఘం ఆమెకు అన్నివిధాలా సహకరించింది. గైర్హాజరుకు కారణం తెలిపే పత్రం వెంటనే పంపాం. అందులో నాలుగు గడులు: విహారయాత్ర, అనారోగ్యం, ప్రసవం, కరెంటు కోత. లుండెబోలో మరణం లేదు కాబట్టి దానికి గడి లేదు. బోదిల్ గారు కింద 'ఇతరములు' దగ్గర 'చనిపోయారు' అని రాశారు. తిరిగి వచ్చే తేదీ మాత్రం రాయలేదు. అసంపూర్తి పత్రాన్ని స్వీకరించే అధికారం నాకు లేదు. వెనక్కి పంపాను.

జూన్‌లో మా పేట వ్యాయామశాలలో అందరం మనుషులుగా కలిశాం. ఆనవాయితీ ప్రకారం పాటల పుస్తకంలోంచి ఒక వేసవి పాట పాడాం. కాఫీ, బ్రున్స్‌వియెర్ కేకు వచ్చాయి. అధ్యక్షులు ప్రెబెన్ గారు దివంగతుడికి ఒక నిమిషం మౌనం ప్రతిపాదించారు. నలభై మంది అనుకూలం, ఇద్దరు తటస్థం. కాఫీ చల్లారుతోందని ఎవరో సవరణ పెట్టడంతో అరనిమిషానికి కుదించాం.

"మిత్రులారా," అన్నారు ప్రెబెన్ గారు, "మన ఊరు ప్రేమ మీద కట్టిన ఊరు. ప్రేమకు కూడా ఒక పద్ధతి ఉండాలి. ఆక్సెల్ లాంటి మంచివాడికి ఈ రోజు మినహాయింపు ఇస్తే, రేపు చనిపోయిన ప్రతివాడూ అడుగుతాడు!"

చప్పట్లు మోగాయి. కంచెల ఉపసంఘం తరఫున మోన్స్ లేచాడు. "ఇంకో సంగతి అధ్యక్షా. నిన్న టేపు పెట్టి కొలిచాను. ఆక్సెల్ కంచె ఒక మీటరు తొంభై ఒకటి. ఫిబ్రవరి నుంచి కత్తెరే పడలేదు. బతికున్నవాళ్ళం మేం కత్తిరించుకోవట్లా?"

"నేను కత్తిరిస్తాలే మోన్స్," అన్నారు బోదిల్ గారు. "ఆయన వంతు దారి కూడా నేనే ఊడుస్తాను."

"ఒకరి పేరుతో ఇంకొకరు పనిచెయ్యడం మోసం కిందకొస్తుందమ్మా," అన్నారు ప్రెబెన్ గారు, ఎంతో మృదువుగా. "పోనీ ఇలా చెయ్యి. నీ స్థలం వదిలేసి ఆయన స్థలం తీసుకో. మనిషికి ఒక్కటే కదా నిబంధన."

"నా స్థలం వదిలేస్తే నా గుమ్మం పోతుంది కదయ్యా. రొట్టె ఎక్కడ పెడుతుంది మరి ఆ పొయ్యి?"

వెంటనే ప్రెబెన్ గారు చర్చ ముగిసినట్టు ప్రకటించారు. బోదిల్ గారు కూర్చోలేదు. "ఆయన పని ఎగ్గొట్టలేదర్రా," అన్నారు. "పోయాడు. ఈ ముక్క మీలో ఒక్కరికైనా అర్థమవుతోందా?" ఆ ప్రశ్న ఎజెండాలో లేదు కాబట్టి మినిట్స్‌లో రాయలేదు.

వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నాది. నాకున్న స్థలం బురదగుంట పక్కన. వాగు ఒడ్డున మార్పిడి కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. అందుకని నిష్పక్షపాతంగా ఉండాలని ఓటింగ్ సమయంలో కేకు ముక్క పట్టుకుని వరండాలోకి వెళ్ళి నిలబడ్డాను. తలుపు తెరిచే ఉంచారు, ఓట్లు లెక్కపెట్టి రాయాల్సింది నేనే కదా. ఆక్సెల్ గారి స్థలం నాకివ్వాలన్న తీర్మానం నెగ్గింది. బోదిల్ గారి బాధను గుర్తించి అప్పటికప్పుడు ఓదార్పు ఉపసంఘం ఏర్పాటు చేశాం. అది అక్టోబరులో మొదటిసారి సమావేశమవుతుంది. ఆమెనే ప్రత్యామ్నాయ సభ్యురాలిగా తీసుకున్నాం.

బయటికొస్తూ ఆమె నా చెయ్యి పట్టుకున్నారు. "నాయనా ఫ్లెమ్మింగ్, పిండి పదేళ్ళకుంది. నువ్వేం చెయ్యక్కర్లా. ఊరికే ఉంటే చాలు." పరిశీలిస్తానని చెప్పాను.

ఊరికే ఉన్నాను కూడా, నాలుగు రోజులు. రోజూ ఏడింటికి రొట్టె వెళ్ళేది, ఆటలోని బోదిల్ గారి బొమ్మ గుమ్మంలో నిలబడి తీసుకునేది. అయిదో రోజు ప్రెబెన్ గారు పిలిచారు. "ఏమయ్యా, కార్యదర్శివై ఉండి ఒక్కరికే రొట్టె పంపుతున్నావట? మిగతా నలభై ఒక్కమందీ మనుషులు కారా?" న్యాయమైన మాట. సమానత్వం మా మొదటి నిబంధన. ఆ సాయంత్రమే పొయ్యి విప్పేశాను. పద్దెనిమిది ఇటుకలు వచ్చాయి. మంచి బెంచీ అయింది.

మర్నాడు ఏడింటికి బోదిల్ గారి బొమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. మా ఆటలో ఎవరైనా పది నిమిషాలు కదలకుండా ఉంటే, 'మీరు ఇంకా ఉన్నారా?' అని తెర మీద ఒక ప్రశ్న వస్తుంది. ఉన్నానని నొక్కకపోతే బొమ్మ మాయమవుతుంది. ఆమె బొమ్మ మధ్యాహ్నం దాకా మాయం కాలేదు. మర్నాడూ అంతే. వారం రోజులు నేను నా కొత్త బెంచీ మీద కూర్చుని చూశాను. ఎనిమిదో రోజు ఆమె జవాబివ్వలేదు.

జులై పని దినానికి బోదిల్ గారు రాలేదు. ఊరంతా ఎంతో ఆందోళన పడ్డాం. సంఘం తరఫున మొదటి హెచ్చరిక డిజిటల్ పోస్టులో పంపాను. 'ప్రియ నేస్తమా' అనే మొదలుపెట్టాను. నాలుగు గడుల పత్రం జతచేశాను. ఆమె ఇల్లు మా వీధిలోనే, మా ఇంటికి మూడో ఇల్లు. పది రోజులుగా కర్టెన్లు తియ్యలేదు. రోజూ బేకరీ నుంచి రొట్టె పట్టుకుని వస్తూ చూస్తూనే ఉన్నాను. ఆగి తలుపు తట్టవచ్చునా అన్న విషయంలో నిబంధనావళిలో స్పష్టత లేదు.

ఆగస్టు పని దినానికీ ఆమె రాలేదు. రెండో హెచ్చరిక పంపాను.

యుద్ధాలూ గొడవలూ అంటే గిట్టని, మనసున్న పాఠకులు మీలో చాలామంది ఉంటారని నాకు తెలుసు. మీలాంటివాళ్ళ కోసమే మా వెయిటింగ్ లిస్టు తెరిచి ఉంది. ఇప్పుడే పేరు నమోదు చేసుకోండి. వాగు ఒడ్డున, కార్యదర్శి గారి ఇంటి పక్కనే, మంచి గుమ్మం ఉన్న స్థలం ఒకటి త్వరలో ఖాళీ అయ్యే సూచనలున్నాయి.