థర్మోకోల్ పెట్టెలో తుపాకీ

టీ తాగి, తుపాకీ తుడుచుకుని, యూనిఫాం ఇస్త్రీ చేసుకుని మధ్యాహ్నం తనిఖీకి వెళ్లాలి. బ్యాంకు గార్డు ఆ పొద్దున వేసుకున్న పథకం అంతే. "గొట్టంలో తుప్పు కనబడిందా, ఇక ఇంటికే" అని ముందురోజే హెచ్చరించి, ఒంటిగొట్టం తుపాకీని చేతికిచ్చి పంపాడు సెక్యూరిటీ ఆఫీసరు. జుట్టు నెరిసిన గార్డుని వదిలించుకోవడానికి ఆయనకి తుప్పే అక్కర్లేదు, దుమ్ము దొరికినా చాలు. ఈ ఉద్యోగం పోతే ఆ వయసులో పిలిచి మరో గుమ్మం ముందు నిలబెట్టుకునేవాడు లేడు.

ఇన్నేళ్లూ పైపైన గుడ్డతో తుడవడమే గానీ, దాని కడుపులో ఏముందో గార్డు చూసిన పాపాన పోలేదు. దేంతో కడగాలా అని తల గోక్కుంటుంటే బావమరిది ఊడిపడ్డాడు. రంగులు వెయ్యడం అతని వృత్తి, వేలు పెట్టడం ప్రవృత్తి.

"కాస్త కిరసనాయిలు చాలేమోరా," అన్నాడు గార్డు.

"దీపం పెడతావా, తుపాకీ కడుగుతావా బావా? నా దగ్గర థిన్నరుంది. ఏళ్లనాటి రంగునే ఊడబీకుతుంది, దానికి తుప్పో లెక్కా?"

"ఒరేయ్, డబ్బా మీద పుర్రె బొమ్మ ఉందిరా," అంది గార్డు భార్య, పొయ్యి ఆర్పి కిటికీలు బార్లా తెరుస్తూ. ఆ పూట ఆ ఇంట్లో జరిగిన తెలివైన పని అదొక్కటే.

"అది ఎలకలకి చెప్పిందక్కా."

"గొట్టం ఒక్కటీ చాలు కదరా," గార్డు నసిగాడు.

"సగం స్నానమేంటి బావా? మొత్తం విప్పు!"

ఇనుప పళ్లెంలో పెడితే గీతలు పడతాయని గార్డు భయం. అందుకని టీవీ వచ్చిన థర్మోకోల్ పెట్టెను స్నానాలగదిలో పెట్టి, భాగాలన్నీ అందులో పేర్చాడు. బావమరిది థిన్నరు పోశాడు. రెప్పపాటులో పెట్టె అడుగు మాయమైంది. ఎండలో పెట్టిన మంచుగడ్డయినా కాసేపు మొహమాటపడుతుంది. ఇది ఆపాటి మర్యాద కూడా లేకుండా తెల్లటి జిగురుముద్దయి, భాగాలన్నిటినీ వాటేసుకుంది. గార్డు కంగారుపడి ఆ తడిచేత్తోనే తుపాకీ కర్రను పట్టుకుంటే, వార్నిషంతా అరచేతికొచ్చింది.

జిగురులోంచి ఒక్కొక్కటే పీకి తుడిచారు. తూటా వెనక తగిలే చిన్న పిన్ను మాత్రం కనబడలేదు. అది లేకపోతే తుపాకీ పేలదని గార్డు ఎప్పుడో శిక్షణలో విన్నాడు.

"తూములోకి పోయుంటుంది," అంటూ బావమరిది సుత్తి అందుకున్నాడు. తూము గొట్టం పగిలింది, పిన్ను దొరకలేదు. కాసేపటికి కింది వాటా ఆవిడ తడిసిన తలతో పైకొచ్చింది.

"మా వంటింట్లో వాన కురుస్తోంది! ఏం వెతుకుతున్నారయ్యా?"

"తుపాకీలో ముక్కండీ. మీ ఇంట్లో రాలిందేమో చూస్తారా?" అన్నాడు గార్డు.

"తుపాకీ కాదు, ఫిరంగి పోతే మాత్రం నాకేంటి? ముందు నా కప్పు సంగతి చూడండి!"

ఆవిడ వెళ్లాక భార్య మెల్లగా అంది: "ఏమండీ, దాస్తే దొంగతనం అంటగడతారు. ఉన్నదున్నట్టు చెప్పెయ్యండి."

గార్డు మచ్చలుపడ్డ తుపాకీతో, థిన్నరు కంపుతో ఆఫీసరు ముందు నిలబడ్డాడు.

"పిన్ను పోగొట్టాను సార్. జీతంలో కోసుకోండి, ఉద్యోగం మాత్రం తియ్యకండి."

ఆఫీసరు పడీపడీ నవ్వాడు. "ఉంటే కదయ్యా పోవడానికి! ఎవడైనా పొరపాటున పేలిస్తే ఆ కేసులెవరు మొయ్యాలి? మీకిచ్చే ముందే అన్నిట్లోంచీ పీకేశాం."

గార్డు గుండెల మీంచి బండ దిగింది. "అయితే రేపు డ్యూటీకి వచ్చెయ్యనా సార్?"

ఆఫీసరు నవ్వు ఆగింది. "అదెలా కుదుర్తుంది? ఇన్నాళ్లూ పేలుతుందనుకుని ఛాతీ విరుచుకు నిలబడ్డావు. ఇక దొంగొస్తే నీ మొహం చూసే కనిపెట్టేస్తాడు. దాన్ని అక్కడ పెట్టి వెళ్లు."

గార్డు తుపాకీని బల్ల మీద పెట్టాడు. గొట్టం ఆఫీసరు వైపు తిరిగింది.

"అటు తిప్పవయ్యా బాబూ, అటు!" ఆఫీసరు కుర్చీతో సహా గోడదాకా జరిగాడు.

అన్నేళ్ల కొలువులో ఆ తుపాకీకి ఒక మనిషి జడుసుకోవడం గార్డు కంటపడింది అదే మొదటిసారి.