గౌనిపల్లి గుట్ట మీద పికిలిపిట్ట

ఆదివారం పొద్దున్నే పిట్టల్ని చూసుకుని, పదింటికల్లా ఇల్లు చేరాలని బదరీనాథ్ అనుకున్నాడు. బంగారు గనులు మూసేదాకా అక్కడ హాజరు గుమాస్తాగా వేలమంది పేర్లు రాసినవాడు. మూడేళ్లుగా స్నేహితులు సుధీంద్ర, పురుషోత్తమ్‌లతో పిట్టల వెంట తిరుగుతున్నాడు. అరుదైన పిట్ట కనిపిస్తే, మొదట చూసిన మనిషి పేరు, చూసిన తేదీ సుధీంద్ర ఒక పుస్తకంలో రాస్తాడు. రెండో మనిషి కూడా చూసి సాక్షిగా పేరు ఇవ్వాలి, లేకుంటే రాయడు. ఆ పుస్తకంలో బదరీనాథ్ పేరు ఒక్కసారీ ఎక్కలేదు. ఒక్కసారి ఎక్కితే చాలని అతని ఆశ.

గౌనిపల్లి దగ్గరి గుట్ట ఎక్కారు. మిగతా ఇద్దరూ బండ వెనక చిత్రాన్నం పొట్లాలు విప్పుతుండగా, బదరీనాథ్ దుర్భిణిలో పసుపు గొంతు పికిలిపిట్ట పడింది. రాళ్లగుట్టల్లో తప్ప దొరకదు, దొరికినా నిలవదు. కేకేస్తే ఎగిరిపోతుంది. అందుకని కదలకుండా, వెనక్కి చెయ్యి ఊపాడు.

ఆ ఊపు స్నేహితులకు కనపడలేదు. కింద మామిడితోటలో ఉన్న ఆంజనప్పకు కనపడింది. ఒకప్పుడు గనిలో దిగినవాడు. పైకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"హాజరు సారు కదా మీరు? గని మళ్లా తెరస్తా ఉండారా సార్?"

మాట్లాడొద్దని బదరీనాథ్ పెదాల మీద వేలు పెట్టాడు. రహస్యం కాబోలనుకున్నాడు ఆంజనప్ప. అంత రహస్యాన్ని ఒక్కడే మోయలేక ఊళ్లోకి పరిగెత్తాడు.

కాసేపటికి పాతికమంది గుట్టెక్కారు. ఒకడు గుడ్డలో మెరిసే రాయి కట్టుకొచ్చాడు. ఒకడు తన బావిలో తవ్విన మన్ను చూడమన్నాడు. పిట్ట కోసం వచ్చామని బదరీనాథ్ చెబితే, ఆఫీసువాళ్లు నిజం ఎప్పుడు చెప్పారని నవ్వుకున్నారు. ఆ సందడికి స్నేహితులు లేచి వచ్చారు. పిట్ట ఎగిరిపోయింది.

"నేను చూసినాను సుధీంద్రా."

"నువ్వొకడివే చూస్తే యాడ చెల్లుతాదప్పా?"

గని పనికి పేర్లు రాసుకుంటే గానీ కదలమని జనం కూర్చున్నారు. బదరీనాథ్ సుధీంద్ర పుస్తకం అందుకుని, పాత అలవాటున వరసగా రాశాడు. పిట్టల పుస్తకంలో పాతికమంది చేరారు. అతను తప్ప.

ఆ పిట్ట ఎట్లుంటుందని అడిగింది ఒక్కతే, ఆంజనప్ప భార్య సొన్నమ్మ. గొంతు పసుపు, తోక కింద పసుపు, మిగతా ఒళ్లంతా బూడిదరంగు అని బదరీనాథ్ నీరసంగా చెప్పాడు.

"అదా? మా ఇంటెనక అత్తిచెట్టు మింద దినామూ ఉంటాది. ఒగటి కాదు, రెండు."

అందరూ గుట్ట దిగి ఆమె వెంట వెళ్లారు. రెండూ ఉన్నాయి. తీరిగ్గా పండ్లు తింటున్నాయి.

"దీనికా సార్, అంత రహస్యం?" అన్నాడు ఆంజనప్ప. జనం పెదవి విరిచి వెళ్లిపోయారు.

బదరీనాథ్ పుస్తకం సుధీంద్ర చేతికిచ్చాడు. "ఇంగ రాయప్పా, అందరూ చూసినారు," అన్నాడు.

సుధీంద్ర కలం తీశాడు. నియమం తప్పే మనిషి కాడు. సొన్నమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, దీన్ని నువ్వు మొదట ఎప్పుడు చూసినావు?"

"పెండ్లయి ఈ ఇంట్లో కాలుపెట్టిన దినమే."

అట్లా, మూడేళ్ల తిరుగుడు తర్వాత బదరీనాథ్ పేరు పుస్తకంలోకి ఎక్కింది: సొన్నమ్మ పెళ్లినాటి తేదీ కింద, రెండో సాక్షిగా.